ఆరున్నరకి వచ్చే తొమ్మిది మంది

శృంగవరపుకోట బజార్లో ఇరవై ఎనిమిదేళ్ళు గుమస్తాగా పనిచేసి, ఆఖరి నాలుగేళ్ళు డిజిటల్ మేనేజరు హోదాలో వెలిగి రిటైరైన మనిషిని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఇద్దరం కలిసి టీ తాగుతూ ఒకరినొకరం ఓదార్చుకుందాం. ఆ హోదాకి గుర్తుగా విజిటింగ్ కార్డుల కట్ట ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మా ఆవిడ వాటి వెనకాల కిరాణా చీటీలు రాస్తుంది. ఒక వైపు నా హోదా, రెండో వైపు కందిపప్పు, జీలకర్ర, పినాయిలు.

ఆన్‌లైన్లో చీరలో పచ్చళ్ళో అమ్ముకునే పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఫోను నా ముక్కు కిందకి తెచ్చి, ‘చూడండి అంకుల్, ట్రాఫిక్ ఇంత పెరిగింది, అమ్మకాలు మాత్రం లేవు’ అంటారు. పైపైకి ఎగబాకుతున్న గీత ఒకటి చూపిస్తారు. నేను ఆ గీత చూడను. ‘మీ కొట్టుకి పొద్దున్నే బోణీ ఎవరు చేస్తారు?’ అని అడుగుతాను. పెద్దాయనకి పాపం ఏదో అయింది అన్నట్టు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. ఆ చూపులు భరించలేకే ఇది రాయడానికి కూర్చున్నాను.

మా కొట్టులో బెల్లం, చింతపండు ఉండేవి గాని, పేరంతా మామిడి తాండ్రది. ఎండాకాలం వచ్చిందంటే భీమాలి వైపు ఊళ్ళలో చాపలు పరిచి, మామిడి రసం పొర మీద పొర పోస్తూ రోజుల తరబడి ఎండబెడతారు. ఆ తాండ్ర తెచ్చి, కోసి, ప్యాకెట్లు కట్టి అమ్మడం మా షావుకారికి తాతల నాటి నుంచి వస్తున్న వ్యాపారం. షావుకారూ నేనూ ఒకే బళ్ళో చదువుకున్నాం. లెక్కల పరీక్షలో నా పలక చూసి రాసేవాడు. తర్వాత ఆయన షావుకారయ్యాడు, నేను ఆయన దగ్గర గుమస్తానయ్యాను. నలుగురిలోనూ, ఎవరూ లేనప్పుడూ కూడా నేను ‘షావుకారు గారూ’ అనేవాణ్ణి. ఆయన మాత్రం పెళ్ళి పందిట్లో అయినా సరే ‘ఒరే’ అనే పిలిచేవాడు.

రెండువేల పదుల చివరి ఏళ్ళు అవి. ఫోన్లలో డేటా చవకైపోయి, కూరల బండి దగ్గర కూడా వీడియోలు మోగుతున్న రోజులు. షావుకారి కోడలు విజయనగరం పిల్ల. పెళ్ళికి ముందు విశాఖపట్నంలో ఏదో కంపెనీలో ఇంటర్నెట్ ప్రకటనల పని చేసేది. పెళ్ళయ్యాక మానిపించారు. మేడ మీద ఏడాది పాటు సీలింగు ఫ్యాను కింద కూర్చుని, ఆ తర్వాత ఒకరోజు తిన్నగా కిందకి దిగొచ్చి, కొట్లో అందరి ముందూ మావగారిని అడిగేసింది. తాండ్రకి వెబ్‌సైటు పెడతాను, నడిపేది నేనే అని. ఆవిడ భర్త రైసు మిల్లు చూసుకునేవాడు. ఈ కథలో ఆయనకి పాత్ర లేదు, అదృష్టవంతుడు.

షావుకారు కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకున్నాడు. ఆయన అలా తోసుకున్నాడంటే బేరం మొదలైందని మాకందరికీ తెలుసు.

“దసరా దాకా సూస్తాను తల్లీ. గోడౌన్లో ఉన్న తాండ్రలో సగం నీ వెబ్‌సైటు అమ్మాల. అమ్మిందా, కొట్లో నీకూ కుర్సీ ఏయిస్తాను. అమ్మనేదా, నీకిచ్చిన గదిలో మళ్ళీ బెల్లం బస్తాలు ఏసుకుంటాను, నువ్వు మేడెక్కీయాల. మళ్ళీ ఈ మాటెత్తకూడదు.”

“సరే మావయ్యగారూ,” అంది ఆవిడ. అంత తొందరగా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. కళ్ళద్దాలు మళ్ళీ ముక్కు మీదకి దించుకున్నాడు.

సహాయానికి మనిషి కావాలంటే నన్ను ఎంచుకుంది. చదువుకున్న కుర్రాళ్ళు ఊళ్ళో లేరా అని అడిగితే, “మీకు అంకెలంటే భయం లేదు బాబాయ్, మిగతాది నేను నేర్పుతాను,” అంది. బాబాయ్ అని పిలిచేసరికి నేను పడిపోయాను. నెల తిరక్కుండానే కార్డులు కొట్టించింది. హోదా పెరిగింది కాబట్టి నేను కూడా కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాను. గుమస్తాగా ఉన్నన్నాళ్ళూ ఆరింటికల్లా వచ్చి తలుపులు తీసేవాణ్ణి. మేనేజర్నయ్యాక తొమ్మిదిన్నరకి రావడం మొదలెట్టాను. షర్టు టక్ చేసుకోవడం కూడా అప్పుడే మొదలైంది. మా ఆవిడ దానికి ఇప్పటికీ నవ్వుతుంది.

ఆ పిల్ల నాకు నేర్పింది తేలికైన పనే. మన సైటుకి ఎంతమంది వచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ వేళకి వచ్చారు, ఏ పేజీ ఎంతసేపు చూశారు, ఎక్కడ విసుగొచ్చి వెళ్ళిపోయారు, ఇదంతా ఒక రిపోర్టులో వస్తుంది. దాన్ని చూసి ప్రకటనలు ఎవరికి, ఎప్పుడు చూపించాలో మార్చుకోవాలి. ఒకే ఒక్క సూత్రం చెప్పింది. “ఊహలొద్దు బాబాయ్. మనకేటి అనిపిస్తందో కాదు, రిపోర్టు ఏటి సెప్తే అదే.” ఆ సూత్రాన్ని నేను తు.చ. తప్పకుండా పాటించాను. కొంప అక్కడే మునిగింది.

ఒక చిన్న పని మాత్రం నా తెలివితో చేశాను. సైటుకి వచ్చినవాళ్ళలో నిజంగా కొన్నవాళ్ళని విడిగా లెక్కపెట్టడానికి ఆఖరి పేజీకి గుర్తు పెట్టమంది. నేను దానికి ముందు పేజీకి, అంటే తాండ్ర బుట్టలో వేసుకుని అడ్రసు రాసే పేజీకి పెట్టాను. ఎందుకంటే ఇరవై ఎనిమిదేళ్ళలో మా కొట్లో బేరమాడి, తూకం వేయించుకుని, సంచీ చాపిన మనిషి కొనకుండా వెళ్ళిన దాఖలా లేదు. సంచీ చాపాడంటే కొన్నట్టే. కంప్యూటరుకి ఈ సంగతి తెలియదు కదా, నేను చెప్తున్నాను అనుకున్నాను. ఆవిడకి చెప్పలేదు. ఇంత చిన్నదానికి ఏం చెప్తాం అనిపించింది.

ఇక మీకు అప్ప సంగతి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. ప్యాకింగు గదికి పెద్ద దిక్కు ఆవిడ. తన కింద ఎనిమిది మంది ఆడవాళ్ళు. అరవై దాటినా తాండ్ర కోసే కత్తి ఎవరికీ ఇచ్చేది కాదు. అప్పది మంచి చెయ్యి అని బజారంతా ప్రతీతి. పొద్దున్నే ఆవిడ బోణీ చేస్తే ఆ రోజు సరుకు ఆగదని నమ్మకం. గాజుల కొట్టువాళ్ళు, గుడ్డల కొట్టువాళ్ళు దారి కాసి మరీ ఆవిడని లోపలికి పిలిచేవారు. ఒక దారపుండ కొని బోణీ చేసి వచ్చేది. ఆ దారపుండలు ఇంట్లో గంపెడు ఉన్నాయని, కుట్టేదీ లేదు అతికేదీ లేదని తిట్టుకునేది. పిలవకపోతే మాత్రం ఊరుకునేది కాదు.

వెబ్‌సైటులో తాండ్ర ఎలా తయారవుతుందో చూపించే పేజీ ఒకటి పెట్టాం. చాపల దగ్గర కూర్చుని రసం పోస్తున్న ఆడవాళ్ళ ఫొటోలు. ప్యాకింగు గది మనిషివి, చాప దగ్గర నీకేం పని అంటే అప్ప వినలేదు. “నా బొమ్మ నేకండా తాండ్ర ఎవులు కొంతారు?” అని పట్టుచీర కట్టుకొచ్చి చాప పక్కన కూర్చుంది. దించాం. మనసులో నవ్వుకున్నాం.

మొదటి నెల ఆర్డర్లు కాస్త కాస్తగా వచ్చాయి. రెండో నెలలో ఒకరోజు రిపోర్టు చూస్తూ కుర్చీలోంచి లేచిపోయాను. పొద్దున్న ఆరున్నరకి శృంగవరపుకోట నుంచి వచ్చేవాళ్ళు వచ్చినవాళ్ళు వచ్చినట్టు బుట్టలో తాండ్ర వేసి అడ్రసు పేజీ దాకా వెళ్తున్నారు! హైదరాబాదు నుంచి ఎంతమంది వచ్చినా చూసి వెళ్ళిపోతున్నారు, బెంగళూరు వాళ్ళు రెండు క్షణాలు కూడా ఆగట్లేదు. మన కోట వాళ్ళు మాత్రం తెల్లారగట్లే లేచి, మొహం కడుక్కున్నారో లేదో తెలీదు గాని, తాండ్ర కోసం ఎగబడుతున్నారు.

పరుగున వెళ్ళి కోడలికి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది.

“మన ఊరోళ్ళు తాండ్ర ఆన్‌లైన్లో కొంటారేటి బాబాయ్? కొట్టు ఇక్కడే ఉంది కదా.”

“ఊహలొద్దన్నది నువ్వే కదమ్మా,” అన్నాను. అలా అనగలిగినందుకు ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను. గురువుని గురువు మాటతోనే కొట్టాను.

ఆవిడ నవ్వేసి సరేనంది. ఆ రోజే ప్రకటనలన్నీ తిప్పేశాను. హైదరాబాదు వద్దు, బెంగళూరు వద్దు, ఎవరూ వద్దు. కోట చుట్టూ ఉన్న ఊళ్ళకి, తెల్లవారి అయిదు నుంచి ఎనిమిది దాకా, తాండ్రే తాండ్ర. ఇంటి చూరు కిందే తాండ్ర చాప ఎండుతున్న జనానికి, పళ్ళు తోముకునే వేళ, తాండ్ర కొనండి అని ఫోన్లో చూపించిన మహానుభావుణ్ణి నేనే. నవ్వుకోండి. నాకు అప్పుడు నవ్వు రాలేదు, తెలివి ఎక్కువైపోయిందేమో అనిపించింది.

ఫలితం వెంటనే కనిపించింది. ఆరున్నర గుంపు అయిదుగురు కాస్తా ఏడుగురైంది. గీత పైకి పోతోంది. నేను ప్రకటనలు ఇంకా పెంచాను. కొట్టుకి కూడా మనుషులు రావడం మొదలెట్టారు, కాకపోతే కొనడానికి కాదు. ఒక రైతు గుమ్మంలో చెప్పులు విడిచి దిగాలుగా వచ్చి షావుకారు ఎదురుగా నిలబడ్డాడు. “ఏటి బావూ, పొద్దున్నే ఫోన్లో మీ తాండ్ర కనపడతంది. కొట్టు ఎత్తేస్తన్నారేటి? ఇంటిల్లిపాదీ బాగున్నారా?” షావుకారు నా వైపు చూశాడు. నేను టక్ సర్దుకున్నాను.

ఇంకో సంగతి కూడా గమనించాలి, గమనించలేదు. మా గదికీ ప్యాకింగు గదికీ మధ్య చెక్కల అడ్డుగోడ ఒకటే. అవతల ప్యాకెట్ల టేపు చింపే చప్పుడు రోజంతా వినిపిస్తూ ఉండేది. నెల రోజులుగా ఆ చప్పుడు తగ్గిపోయింది. మధ్యాహ్నాలు ఆడవాళ్ళు పులిమేక ఆడుకుంటున్న మాటలు వినిపించేవి. అమ్మకాల సంగతి చెవులే చెప్తున్నా నేను వినలేదు, రిపోర్టు చూస్తున్నాను కదా.

దసరా ఇంకా మూడు వారాలుందనగా కోడలు ప్యాకింగు గది పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పంపిన ప్యాకెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

“బాబాయ్, ఇంతమంది అడ్రసు పేజీ దాకా వచ్చి అక్కడే ఎందుకు ఆగిపోతన్నారు? రేపు ఆరింటికి వచ్చి లైవ్‌లో సూడండి. ఎవరు వాళ్ళు, ఏటి వాళ్ళ బాధ, నాకు తెలియాలి.”

ఆరింటికా, అన్నాను. ఆవిడ కళ్ళ కింద నల్లగా ఉంది. సరే అన్నాను.

మర్నాడు, మేనేజర్నయ్యాక మొదటిసారి ఆ వేళకి కొట్టుకెళ్ళాను. షావుకారు స్నానం చేసి విభూతి పెట్టుకుని అగరొత్తులు వెలిగిస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. “ఏరా, ఒంట్లో బాగునేదా?” అన్నాడు. గదిలోకెళ్ళి కంప్యూటరు తెరిచాను. ఇప్పుడు సైటులో ఎంతమంది ఉన్నారో క్షణం క్షణం చూపించే పేజీ ఒకటుంది. పెద్ద అంకె ఒక్కటే ఉంటుంది దాన్నిండా. అది సున్నా చూపిస్తోంది. ఆరున్నర అయింది. ఒకటి అయింది. రెండు. మూడు. వస్తున్నారు, నా జనం వస్తున్నారు.

“ఊఁ, అయిపోయింది. ఇక నీదియ్యే,” అంది అడ్డుగోడ అవతల నుంచి అప్ప గొంతు.

నాలుగు.

“పసుపు తుడుసుకోకే, ఉండనీ. ఇక నీది.”

అయిదు.

అప్ప గొంతు వినిపించడం, అంకె పెరగడం, గొంతు, అంకె. తొమ్మిది దగ్గర రెండూ ఆగాయి. లేచి వెళ్ళి ప్యాకింగు గది తలుపు తోశాను.

తొమ్మిది మంది గుండ్రంగా గొంతుక్కూర్చున్నారు. మధ్యలో పళ్ళెం, పళ్ళెంలో పసుపు, వెలుగుతున్న అగరొత్తి. ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక్కో ఫోను, ఫోను మూల ఒక్కో పసుపు చుక్క. అప్ప వరసగా ఒక్కో ఫోను తీసుకుని, కొట్టు వైఫై మీద మన సైటు తెరిచి, తాండ్ర ప్యాకెట్టు బుట్టలో వేసి, అడ్రసు పేజీ దాకా తీసుకెళ్ళి, కళ్ళకద్దుకుని ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తోంది. “ఆకరి బొత్తాం మాత్రం ఒత్తకండర్రా,” అని హెచ్చరిస్తోంది. “ఒత్తితే సరుకు ఇంటికొచ్చేస్తాది.”

“ఏటప్పా ఇది?” అన్నాను.

“సూత్తే తెల్దేటి తమ్ముడా? బోణీ.”

“తొమ్మిది ఫోన్లలోనా?”

“మరి ఇది అందరి ఫోన్లోనూ ఉన్న కొట్టు కదా. ఏ ఫోన్లో తలుపు తీస్తే ఆ ఫోన్లో బోణీ అవాల. ముందు నా ఫోన్లోనే సేసేదాన్ని. సరుకు కదల్నేదు, బోణీ సాలనట్టుంది ఇంకో నాలుగు ఫోన్లలో సెయ్యి అన్నారు సావుకారు గారు. అయినా కదల్నేదు. ఇంకో రొండు అన్నారు. ఈ మజ్జ అన్ని ఫోన్లలోనూ సేసీమన్నారు.”

అమ్మకాలు తగ్గినకొద్దీ షావుకారు బోణీలు పెంచాడు. బోణీలు పెరిగినకొద్దీ నా రిపోర్టు వెలిగింది. రిపోర్టు వెలిగినకొద్దీ నేను ప్రకటనలన్నీ తెచ్చి కోటలో కుమ్మరించాను. కోటలో కుమ్మరించినకొద్దీ అమ్మకాలు తగ్గాయి. నెలన్నర పాటు ముగ్గురం కలిసి ఇంత చక్కగా పనిచేశామని మాలో ఎవరికీ తెలియదు.

“ఇన్నాళ్ళూ నాకొక్క ముక్క చెప్పలేదేం అప్పా?”

“నువ్వు పెద్ద పోస్టుకెల్లిపోనావు కదా. తొమ్మిదిన్నరకొచ్చినోడికి బోణీ సంగతేటి సెప్తాం?” అంది. ఎగతాళి కాదు, మామూలుగానే అంది. అందుకే ఇంకా బాగా తగిలింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒక అరగంట పాటు దీన్ని దాచేద్దామనే అనుకున్నాను. ప్రకటనలు గుట్టుగా వెనక్కి తిప్పేసి, ఆరున్నర గుంపుకి ఏదో కారణం కల్పించి చెప్తే ఎవరికీ తెలియదు. కార్డు జేబులోనే ఉంటుంది. కోడలు మెట్లు దిగి వస్తున్న చప్పుడు వినేదాకా ఆ ఆలోచనలోనే ఉన్నాను. ఆవిడ మొహం చూశాక నోరు ఆగలేదు. బోణీ సంగతి, ఆఖరి పేజీకి పెట్టవలసిన గుర్తు ముందు పేజీకి పెట్టిన సంగతి, అన్నీ కక్కేశాను.

మొదట పగలబడి నవ్వింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది.

“మీరు తొమ్మిది మందిని సూసి ఊరనుకున్నారు. నేను మిమ్మల్ని నమ్మీ సరిగ్గా సూడలేదు. నాకు మళ్ళీ ఇలాంటి అవకాశం ఎవరిస్తారు బాబాయ్?”

కళ్ళు తుడుచుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీలో తూకంలో తేడా వచ్చిందని ఒక్కరు నన్ను వేలెత్తి చూపలేదు. ఆ పూట నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు. జేబులో కార్డులు తీసి బల్ల మీద పెట్టాను. “అవి జేబులో పెట్టుకుని పదండి,” అంది కోపంగా.

ఇద్దరం షావుకారు దగ్గరికి వెళ్ళాం. కోడలు సూటిగా అడిగింది.

“మావయ్యగారూ, నా వెబ్‌సైటు దసరాకి మూసేస్తానన్నారు. మరి దానికి రోజూ బోణీ ఎందుకు సేయిస్తన్నారు?”

కళ్ళద్దాలు తీశాడు. తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. ఆ మనిషి సిగ్గుపడడం బడి వదిలాక నేను చూడలేదు.

“కొట్టన్నాక బోణీ సెయ్యకండా ఎలగొదిలీమంటావు తల్లీ? మూసీదాకా అది మన కొట్టే కదా.” “అమ్ముడుపోతే బాగుణ్ణనే సేయించేను,” అన్నాడు.

ఆవిడకి కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. కాని గడువు పొడిగించమని అడగలేదు, ఆయనా పొడిగిస్తానని అనలేదు. దసరా అంటే దసరాయే. బోణీ ఆపడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. బోణీ లేని కొట్టు శవం లేచిన ఇల్లులా ఉంటుందన్నాడు. అందుకని కొట్టు వైఫై మీద నుంచి ఎవరొచ్చినా లెక్కలోకి రాకుండా రిపోర్టులో ఏర్పాటు చేశాను. బోణీ బోణీయే, లెక్క లెక్కే. నా గుర్తు కూడా ఆఖరి పేజీకి మార్చాను.

ఆ వడగట్టిన రిపోర్టులో మిగిలింది చూస్తే ఏడుపొచ్చింది. గుప్పెడు మంది. కాని ఈసారి ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కణ్ణీ చూశాం. పోర్ట్‌బ్లెయిర్. ఖరగ్‌పూర్. భిలాయి. ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నాలు. మా విజయనగరం, పక్క జిల్లాల నుంచి పనులకి వెళ్ళి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో ఆ ఊళ్ళలో ఉన్నాయని ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు. మేమే అడగలేదు. వీళ్ళు ధరల పేజీ చూడట్లేదు. తాండ్ర ఎలా తయారవుతుందో చూపించే పేజీ మీద నాలుగేసి నిమిషాలు, అయిదేసి నిమిషాలు ఉండిపోతున్నారు. అక్కడి నుంచే వెళ్ళిపోతున్నారు.

“ఈ పేజీలో కొనడానికి బటన్ ఎక్కడుంది బాబాయ్?” అంది కోడలు.

పైనుంచి కిందకి చూశాం. ఎక్కడా లేదు. పట్టుచీరలో అప్ప ఉంది, చాప ఉంది, కొనడానికి మాత్రం దారి లేదు. కొట్టు పెట్టి మెట్లు కట్టడం మర్చిపోయాం. ఆవిడ అప్పటికప్పుడు అప్ప ఫొటో కిందే బటన్ పెట్టింది. ప్రకటనలు ఆ మూడు ఊళ్ళకి, ఆదివారం మధ్యాహ్నాలకి తిప్పాం. ఈసారి ఇద్దరం కలిసి తిప్పాం.

మొదటి ఆర్డరు పోర్ట్‌బ్లెయిర్ నుంచి వచ్చింది. ఏదైనా చెప్పాలనుకుంటే రాయండి అనే డబ్బాలో తెలుగులో రాశాడు ఆ మనిషి. ‘మాది బావనపాడు. ఈ పొటోలో ఉన్నామె మా పెద్దమ్మలాగున్నాది. ఆమె సేత్తోనే పేక్ సేయించండి.’ అప్పకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. తర్వాత కత్తి తీసుకుని, ఆ ఒక్క ప్యాకెట్టుకి ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. టేపు చింపుతుంటే చప్పుడు అడ్డుగోడ దాటి వచ్చింది. ఆ వారం ఆ చప్పుడు ఆగలేదు. పులిమేక గళ్ళు తుడిచేశారు.

దసరా వచ్చింది. గోడౌన్లో సగం ఖాళీ కాలేదు. నిజం చెప్పాలంటే పావు వంతు కూడా అంతంత మాత్రం. ఆయుధ పూజ రోజు షావుకారు ప్రతి ఏడూ కొట్లో ప్రతి పనిముట్టుకీ తన చేత్తో బొట్టు పెడతాడు. బొట్టు పెట్టిన వస్తువు ఆ ఏడాది కొట్లో ఉంటుంది. పెట్టనిదాన్ని అమ్మేస్తాడు. అది ఎవరూ చెప్పుకోని ఏర్పాటు, కాని అందరికీ తెలుసు. కోడలు గది గుమ్మంలో నిలబడింది.

కాటాకి పెట్టాడు. అప్ప కత్తికి పెట్టాడు. టేపు కోసే మిషనుకి పెట్టాడు. తోపుడు బండికి పెట్టాడు. గోడౌను తాళానికి పెట్టాడు. మా గది ముందు నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

“సగం అన్నాను గదా తల్లీ,” అని వినపడింది.

“అన్నారు మావయ్యగారూ. అవలేదు.”

“ఈ పన్నెండు రోజుల్లో పోయినంత సరుకు ముందు మూడు నెల్లలోనూ పోనేదు. ఆ మూడు నెల్లూ పాడుసేసింది నువ్వు కాదు. నేనూ, ఈడూనూ,” అని కుంకం గిన్నెతో నన్ను చూపించాడు. వెనక్కి తిరిగి గదిలోకి వచ్చాడు. కంప్యూటరులో దేనికి బొట్టు పెట్టాలో తెలియలేదు పాపం. చేతికి అందిందని మౌసుకి పెట్టాడు. పెట్టిన బొట్టు మామూలుది కాదు, పసుపూ కుంకుమా కలిపి దట్టంగా పెట్టాడు. మర్నాడు దాకా ఆ మౌసు కదల్లేదు. ఆ కదలని మౌసుని పట్టుకుని కోడలు ఏడ్చింది. మధ్యాహ్నానికి కొట్లోకి రెండో కుర్చీ వచ్చింది.

ఆ ఏడాది వేసవి తాండ్ర తర్వాతి వేసవిలోగా అయిపోయింది. అప్ప ఇంకో చీరలో ఇంకో ఫొటో దిగింది, మొదటిదాంట్లో ముక్కు పెద్దగా పడిందని. నేను రిటైరయ్యేదాకా ఆరింటికే వచ్చాను. టక్ మాత్రం మానలేదు. లెక్కలోకి రాని ఆ తొమ్మిది మంది బోణీ రోజూ పక్క గదిలోంచి వింటూ టీ తాగేవాణ్ణి.

ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాం. రిటైరైన మనిషికి పొద్దున్నే ఏం పని ఉంటుంది? ఆరున్నరకి ఫోను తీస్తాను. మన సైటు తెరిచి, ఒక ప్యాకెట్టు బుట్టలో వేసి, అడ్రసు పేజీ దాకా వెళ్ళి మూసేస్తాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆమధ్య ఒకరోజు కోడలు ఫోను చేసింది. కొట్టంతా ఇప్పుడు ఆవిడ చేతి మీదే నడుస్తోంది.

“బాబాయ్, విజయనగరం నుంచి ఒకాయన రోజూ ఆరున్నరకి వస్తన్నారు. బుట్టలో తాండ్ర ఏస్తారు, కొనరు. ఎవరో మీకేటైనా తెలుసా?”

గొంతు సవరించుకుని, పాత డిజిటల్ మేనేజరులా, “అలాంటివాళ్ళని లెక్కలో ఉంచకూడదమ్మా, రిపోర్టు పాడవుతుంది. తీసెయ్యి,” అన్నాను.

“లెక్కలోంచి ఎప్పుడో తీసేశాను బాబాయ్,” అంది. “మీరు రావడం మాత్రం మానకండి.”